గ్రిండెల్‌వాల్డ్‌లో బ్లూ రన్ నుంచి రెడ్ రన్ దాకా: ఎక్కడ మొదలుపెట్టాలి, ఎప్పుడు మారాలి, ఎలా దిగాలి

చలికాలం వచ్చిందంటే ఇదే ప్రశ్న. "స్కీ స్కూల్లో రెండు మూడు రోజులు నేర్చుకున్నాం, చిన్న వాలు మీద పడకుండా దిగుతున్నాం, ఇప్పుడు ఏ రన్‌కి వెళ్లమంటారు? రెడ్‌కి వెళ్లొచ్చా?" (రన్ అంటే స్కీ మీద దిగడానికి గుర్తులు పెట్టిన వాలు దారి; బ్లూ తేలిక, రెడ్ మధ్యస్థం.) అడిగేవాళ్లలో ఎక్కువమంది జూరిక్‌లోనో బాసెల్‌లోనో ఉద్యోగం చేస్తున్నవాళ్లు, లేదా జర్మనీ నుంచి శని ఆదివారాలు కలుపుకుని వచ్చేవాళ్లు. ఇంకొందరైతే ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని యుంగ్‌ఫ్రావ్‌యోక్ (రైల్లో వెళ్లి చూసే ఎత్తైన మంచు కనుమ) చూపించడానికి తీసుకొచ్చి, రైలు కిటికీలోంచి స్కీ చేసేవాళ్లని చూసి మనమూ ఓ చెయ్యి చూద్దాం అనుకున్నవాళ్లు. అందుకని అన్ని రిసార్టుల గురించీ కాకుండా ఒక్క చోటే పట్టుకుని, స్విట్జర్లాండ్‌లోని గ్రిండెల్‌వాల్డ్–వెంగెన్ గురించి, వరసగా రాస్తున్నా.

అసలు సంగతి ముందే చెప్పేస్తా. మ్యాప్‌లో రంగు ఒక్కటే చూసి రన్ ఎంచుకోకండి. సగం దిగాక మీవల్ల కాకపోతే అక్కడి నుంచి కిందికి ఎలా చేరతారో చూసి ఎంచుకోండి. కొత్తవాళ్లకి నేను ఈ ప్రాంతం చెప్పేది కూడా అందుకే. ఇక్కడ 1893 నుంచి నడుస్తున్న పళ్ల చక్రాల రైలు ఒకటి ఉంది, వెంగర్నాల్ప్ రైలు. అది లౌటర్‌బ్రునెన్ నుంచి వెంగెన్ మీదుగా క్లైన షైడెగ్ (2,061 మీటర్లు) ఎక్కి, అవతలి వైపు ఆల్పిగ్లెన్, బ్రాండెగ్, గ్రుండ్ మీదుగా గ్రిండెల్‌వాల్డ్ దిగుతుంది. తేలిక రన్‌లు చాలావరకు ఈ పట్టాల పక్కనే పోతాయి. కాళ్లు మొరాయిస్తే స్కీలు చేత్తో పట్టుకుని రైలెక్కేయొచ్చు. ఇంత సదుపాయం ఉన్న చోట్లు ఆల్ప్స్‌లో ఎక్కువ లేవు.

ఇది ఎవరికి

స్నోప్లౌ వేసి, అంటే స్కీల ముందు కొసలు దగ్గరగా, వెనక కొసలు దూరంగా పెట్టి (మాస్టర్లు పిల్లలకి పిజ్జా అని నేర్పేది అదే), ఆగాలనుకున్న చోట ఆగగలిగినవాళ్లకి. కుడికీ ఎడమకీ తిరగగలగాలి. ఇంకా అది రాకపోతే ఇక్కడితో ఆపి, గ్రిండెల్‌వాల్డ్ ఊరి పైన ఉన్న బోద్మి దగ్గరో, వెంగెన్ ఊళ్లో ఉన్న నేర్చుకునే వాలు దగ్గరో రెండు రోజులు మాస్టరు దగ్గర నేర్చుకోండి. ఆఫీసులో ఫ్రెండు నేర్పిస్తానన్నాడని నేరుగా పైకి వెళ్లిపోకండి. బాగా స్కీ చేసేవాళ్లందరికీ నేర్పడం రాదు, పైగా స్నేహం కూడా చెడుతుంది.

ఏమేం కావాలి

బూట్లు, స్కీలు, పోల్స్, హెల్మెట్ అద్దెకి దొరుకుతాయి. వీటిలో మీరు టైమ్ పెట్టాల్సింది బూట్ల మీద. మొదటి జతకే తల ఊపేయకండి. నిటారుగా నిలబడితే బొటనవేలు ముందు గోడకి కొద్దిగా తగలాలి, మోకాళ్లు వంచితే వెనక్కి జరగాలి, మడమ మాత్రం పైకి లేవకూడదు. మేజోళ్లు ఒక్క జతే, పల్చనివి, మోకాలి దాకా వచ్చేవి. చలికని రెండు జతలు వేసుకుంటే కాలు బిగుసుకుపోయి రక్తం ఆడదు, ఇంకా చలేస్తుంది.

షాపులో మీ బరువు, ఎత్తు, వయసు, ఎంత వచ్చో అడుగుతారు. బైండింగ్ (బూటుని స్కీకి పట్టి ఉంచే క్లిప్పు) ఎంత బలానికి ఊడాలో ఆ వివరాలనీ, బూటు అడుగు పొడవునీ బట్టే పెడతారు, దాన్నే డిన్ సెట్టింగ్ అంటారు. బరువు తగ్గించి చెబితే ఊరికే ఊడిపోతుంది. బాగా వచ్చని గొప్ప చెబితే ఊడాల్సిన టైమ్‌లో ఊడక మోకాలు తిరుగుతుంది. ఉన్నదున్నట్టు చెప్పండి. స్కీ పొడవు గడ్డం నుంచి ముక్కు మధ్యలో ఉంటే చాలు.

మిగతావి: నీళ్లు పట్టని ప్యాంటు (జీన్స్ మాత్రం వద్దు, తడిస్తే రోజంతా గడ్డకట్టి ఉంటుంది), గ్లవ్స్, గాగుల్స్, సన్‌స్క్రీన్. మన ఒంటికి ఎండ పెద్ద లెక్క కాదులే అనుకోకండి, మంచు మీద నుంచి తిరిగొచ్చే ఎండకి ముక్కూ గడ్డం కిందా మాడిపోతాయి. గాగుల్స్‌కి రెండు అద్దాలుంటే మంచిది, ఎండకి నల్లది, మబ్బుకి లేతది. ఒక్కటే కొనగలిగితే లేతది కొనండి. ఎండలో కళ్లు చికిలించుకుని అయినా దిగొచ్చు, మబ్బులో నల్ల అద్దంతో నేల కనపడదు.

లిఫ్టులు (కొండ పైకి మోసుకెళ్లే కుర్చీలు, క్యాబిన్లు) ఎక్కడానికి కొనే పాస్ ఒక చిప్పు కార్డు. జాకెట్ ఎడమ జేబులో, ఫోన్‌కి దూరంగా పెట్టుకుంటే గేట్లు వాటంతటవే తెరుచుకుంటాయి. వెంగర్నాల్ప్ రైలు ఈ పాస్‌లో కలిసే ఉంటుంది, ఏ స్టేషన్ దాకానో కొనేటప్పుడు అడగండి. ఐగర్‌గ్లెట్షర్ దాటి యుంగ్‌ఫ్రావ్‌యోక్ దాకా వెళ్లే రైలుకి మాత్రం టికెట్ వేరే.

ఇన్సూరెన్స్. స్విట్జర్లాండ్‌లో ఒకే కంపెనీలో వారానికి కనీసం 8 గంటలు ఉద్యోగం చేస్తుంటే ఆఫీసు బయట జరిగే ప్రమాదాలకి కూడా కంపెనీ తరఫు బీమా ఉంటుంది. మీ ఇంట్లో ఉద్యోగం చేయనివాళ్లకి, జర్మనీ నుంచి వచ్చేవాళ్లకి, ఇండియా నుంచి వీసా కోసం ట్రావెల్ పాలసీ తీసుకుని వచ్చినవాళ్లకి లెక్క వేరు. ఆ పాలసీ కాగితంలో వింటర్ స్పోర్ట్స్, కొండ మీది నుంచి దించే ఖర్చు అనే రెండు విషయాలు ఉన్నాయో లేదో బయల్దేరే ముందు వెతకండి. హెలికాప్టర్ వస్తే బిల్లు కూడా వస్తుంది.

రంగుల గురించి ఇంతే తెలిస్తే చాలు

స్విట్జర్లాండ్‌లో బ్లూ తేలిక, రెడ్ మధ్యస్థం, బ్లాక్ కష్టం. ఫ్రాన్స్‌లో ఉండే గ్రీన్ ఇక్కడ లేదు. అంటే ఇక్కడి బ్లూలో ఫ్రాన్స్ గ్రీన్ అంత చదునైనవీ ఉంటాయి, అంతకంటే ఏటవాలువీ ఉంటాయి. మామూలుగా బ్లూ వాలు 25 శాతం దాటదు, అంటే వంద మీటర్లు ముందుకి వెళ్తే 25 మీటర్లు కిందికి. రెడ్‌కి ఆ హద్దు 40 శాతం. కానీ అక్కడక్కడా చిన్న ముక్కలు ఈ లెక్కని దాటొచ్చు, కొత్తవాళ్లు ఇరుక్కునేదీ ఆ ముక్కల్లోనే. పసుపు రంగు గీత కనిపిస్తే అది మంచు చదును చేయని దారి, మీకు కాదు.

రంగు చెప్పేది వాలు గురించి మాత్రమే. ఆ రోజు మంచు గట్టిపడి అద్దంలా ఉందా, జనం ఎంతమంది, దారి ఎంత సన్నం, వెలుతురు ఎలా ఉంది, ఇవేవీ రంగులో ఉండవు.

ఇక మొదలుపెడదాం

1. ముందు రోజు రాత్రి లిఫ్టుల పరిస్థితి చూడండి. ఏ లిఫ్టులు, ఏ రన్‌లు తెరిచి ఉన్నాయో ఆన్‌లైన్‌లో ఉంటుంది. గాలి సంగతి కూడా చూడండి. ఈ లోయలో ఫ్యోన్ (Föhn) అనే వెచ్చటి గాలి వీస్తుంది, అది బలంగా ఉన్న రోజు పై లిఫ్టులు ఆపేస్తారు. జనవరి మధ్యలో వెంగెన్‌లో లౌబర్‌హార్న్ రేసు జరుగుతుంది. 1930లో మొదలైన ఈ రేసు ట్రాక్ నాలుగున్నర కిలోమీటర్ల దాకా ఉంటుంది, వరల్డ్ కప్ డౌన్‌హిల్స్‌లో అన్నిటికన్నా పొడవైనది ఇదే. చూడ్డానికి అద్భుతం, నేర్చుకోవడానికి మాత్రం ఆ వారం వద్దు. ట్రాక్ తయారీ కోసం అటు వైపు కొన్ని దారులు మూసేస్తారు, రైళ్లలో నిలబడ్డానికి కూడా చోటుండదు.

2. ఇంటర్‌లాకెన్ ఓస్ట్‌లో సరైన పెట్టె ఎక్కండి. నవ్వకండి, పొద్దున్నే ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. ఒకే రైలు ట్స్వైల్యూచినెన్ అనే స్టేషన్లో రెండుగా విడిపోయి ఒక సగం గ్రిండెల్‌వాల్డ్‌కి, ఇంకో సగం లౌటర్‌బ్రునెన్‌కి పోతుంది. పెట్టె మీద ఉన్న బోర్డు చూసి ఎక్కండి. గ్రిండెల్‌వాల్డ్ వైపు వెళ్లేవాళ్లు ఊరి దాకా పోకుండా దానికి ముందు స్టేషన్, గ్రిండెల్‌వాల్డ్ టెర్మినల్‌లో దిగాలి. గొండోలాలు (తీగ మీద వేలాడుతూ పైకి వెళ్లే క్యాబిన్లు) అక్కడి నుంచే.

3. టెర్మినల్‌లో మెన్‌లిషెన్ గొండోలా ఎక్కండి, ఐగర్ ఎక్స్‌ప్రెస్ కాదు. రెండూ ఒకే భవనంలో ఉంటాయి. 2020 డిసెంబరులో తెరిచిన ఐగర్ ఎక్స్‌ప్రెస్ పెద్ద క్యాబిన్లు, పావుగంటలో 2,320 మీటర్ల ఎత్తుకి చేర్చేస్తుంది, కళ్ల ముందు ఐగర్ శిఖరం ఉత్తర ముఖం, అందుకే అందరూ అటే లాగుతారు. కానీ అది వదిలిపెట్టే ఐగర్‌గ్లెట్షర్ దగ్గర రన్‌లు కొత్తవాళ్ల కోసం కాదు, ఆ పక్కనే బ్లాక్ కూడా ఉంది. పొరపాటున వెళ్లిపోతే కంగారు పడకండి, అదే క్యాబిన్లో కిందికి దిగొచ్చు, లేదా రైల్లో క్లైన షైడెగ్‌కి దిగొచ్చు.

మెన్‌లిషెన్ పైస్టేషన్ దాదాపు 2,230 మీటర్లు. అక్కడి వాలులు వెడల్పుగా, చెట్లు లేకుండా, తూర్పుకి తిరిగి ఉంటాయి కాబట్టి పొద్దున్నే ఎండ పడుతుంది. ఎండ పడిన మంచు కొద్దిగా మెత్తబడి స్కీ అంచుని పట్టుకోనిస్తుంది. వెంగెన్‌లో బస చేసేవాళ్లు ఊళ్లోంచే కేబుల్ కార్లో ఇక్కడికి రావచ్చు.

4. మొదటి గంటన్నర ఒకే చిన్న బ్లూ, మళ్లీ మళ్లీ. పైస్టేషన్ చుట్టుపక్కల చిన్న చైర్‌లిఫ్ట్ ఉన్న బ్లూ ఒకటి పట్టుకోండి. నేరుగా లోయ దాకా దిగే పొడవు దారి పొద్దున్నే వద్దు, అది దాదాపు 1,300 మీటర్ల దిగుడు, సగంలోనే తొడలు మండిపోతాయి. ఒకే వాలు మీద నాలుగోసారి దిగేటప్పుడు ఎక్కడ గట్టిగా ఉందో, ఎక్కడ జనం ఆగుతారో తెలిసిపోతుంది, అప్పుడు మనసు కాళ్ల మీదికి వస్తుంది. కొత్త చోటు చూడాలన్న ఆత్రం మధ్యాహ్నానికి దాచుకోండి.

చైర్‌లిఫ్ట్ అంటే టెన్షన్ పడేవాళ్లకి: పోల్స్ రెండూ ఒక చేతిలోకి తీసుకోండి, మణికట్టు తాళ్లు తీసేయండి, వెనక్కి తిరిగి కుర్చీ వస్తున్నది చూడండి, కూర్చోగానే బార్ కిందికి లాగండి. దిగేచోట స్కీల ముందు కొసలు పైకెత్తి ఉంచి, నేల తగిలాక నిలబడి, నేరుగా ముందుకి జారిపోండి. దిగిన చోటే ఆగి గ్లవ్స్ సర్దుకుంటే వెనక కుర్చీవాళ్లు వచ్చి మీద పడతారు. మొదటిసారని లిఫ్ట్ దగ్గరున్న మనిషికి సైగ చేస్తే చాలాసార్లు కుర్చీ నెమ్మది చేస్తారు, మొహమాటపడకండి.

5. దిగేటప్పుడు ఒంటిని ముందుకి పెట్టండి. సగం సమస్యలు ఇక్కడే ఉన్నాయి. వర్షాకాలం బురద గట్టు దిగేటప్పుడు వెనక్కి వాలి మడమ ఆనించడం మనకి చిన్నప్పటి అలవాటు. స్కీ మీద ఆ అలవాటే పడేస్తుంది. వెనక్కి వాలితే స్కీల ముందు భాగం తేలిపోయి తిరగనంటాయి, వేగం పెరుగుతుంది, భయమేసి ఇంకా వెనక్కి వాలతారు. మోకాళ్లు వంచి, కాలి ముందు ఎముక బూటు నాలుకకి ఆనేలా, చేతులు రెండూ కళ్లకి కనిపించేంత ముందుకి పెట్టండి. మలుపులో బరువు బయటి కాలి మీద ఉండాలి. ఎడమకి తిరుగుతుంటే కుడికాలి మీద, కుడికి తిరుగుతుంటే ఎడమకాలి మీద.

చూపు కాళ్ల మీద కాదు, వచ్చే రెండు మలుపుల మీద ఉండాలి. మీ కంటే కింద ఉన్నవాళ్లకి దారి హక్కు ఉంటుంది, వాళ్లు ఎంత అడ్డదిడ్డంగా తిరిగినా సరే. ప్రపంచమంతా వర్తించే ఎఫ్ఐఎస్ (అంతర్జాతీయ స్కీ సమాఖ్య) పది నియమాల్లో ఇదొకటి. ఆగాలంటే పక్కకి వచ్చి, పైనుంచి వచ్చేవాళ్లకి కనిపించే చోట ఆగండి. గట్టు కింద, మలుపు చాటున ఆగకూడదు.

6. సైడ్ స్లిప్ నేర్చుకోకుండా రెడ్ వైపు చూడొద్దు. వాలుకి అడ్డంగా నిలబడి, రెండు స్కీలూ పక్కపక్కనే ఉంచి, పైవైపు అంచుల మీది పట్టు కొద్దిగా వదిలితే మీరు అడ్డంగానే నెమ్మదిగా కిందికి జారతారు. మళ్లీ మోకాళ్లు కొండ వైపుకి నొక్కితే ఆగుతారు. అంతే. ఇది వస్తే ఎంత ఏటవాలు ముక్కనైనా, మలుపు తిప్పకుండా, పరువు పోకుండా దిగిపోవచ్చు. ఇది రాకుండా రెడ్ మీదికి వెళ్లినవాళ్లే మధ్యలో కూర్చుండిపోతారు. బ్లూలో కాస్త వాలు ఉన్న చోట చూసుకుని కుడివైపు తిరిగి పదిసార్లు, ఎడమవైపు తిరిగి పదిసార్లు చేయండి. అందరికీ ఒక వైపు సులువుగా వస్తుంది, రెండోది రాదు. రానిదే ఎక్కువ చేయండి.

7. ఇప్పుడు పరీక్ష పెట్టుకోండి. ఇవన్నీ వస్తేనే రెడ్:

– స్నోప్లౌ వేయకుండా, రెండు వైపులా అడ్డంగా తిరిగి, అనుకున్న చోట ఆగగలగాలి.
– మీ బ్లూని పై నుంచి కింది దాకా మధ్యలో ఒక్కసారి మాత్రమే ఆగి దిగగలగాలి.
– సైడ్ స్లిప్ రెండు వైపులా, కనీసం ఒక బస్సు పొడవంత దూరం.
– కింద పడితే ఎవరి సాయం లేకుండా లేచి, వాలు మీద స్కీ మళ్లీ తొడుక్కోగలగాలి. దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. కింది వైపు స్కీ ముందు తొడుక్కోవాలి, బూటు అడుగున అంటుకున్న మంచు పోల్‌తో గీకేయాలి, లేకపోతే బైండింగ్ పట్టదు.

మూడు వచ్చి ఒకటి రాకపోతే? ఇంకో రోజు బ్లూ. తొందరేముంది.

8. మధ్యాహ్నం క్లైన షైడెగ్ నుంచి వెంగెన్ వైపు బ్లూ. మెన్‌లిషెన్ నుంచి క్లైన షైడెగ్ వైపుకి కొంత దిగి లిఫ్టు ఎక్కి మారాలి, కూడళ్ల దగ్గర బోర్డుల మీద ఊరి పేరు, రన్ రంగు రెండూ చూసుకుంటూ వెళ్లండి. అలా కుదరదనిపిస్తే గొండోలాలో టెర్మినల్‌కి దిగి, దగ్గర్లోని గ్రుండ్ స్టేషన్ నుంచి రైల్లో క్లైన షైడెగ్ రండి, టైమ్ పడుతుంది గానీ గొడవ ఉండదు. స్కీ చేయని అమ్మానాన్నలు ఉంటే భోజనానికి కలుసుకోవాల్సింది ఇక్కడే. వాళ్లు రైల్లో నేరుగా వచ్చేస్తారు, ఎండలో కూర్చుంటే ఐగర్, మ్యోంఖ్, యుంగ్‌ఫ్రావ్ మూడు శిఖరాలూ ఎదురుగా ఉంటాయి.

ఇక్కడి నుంచి వెంగెన్ వైపు బ్లూ వెంగర్నాల్ప్ మీదుగా పట్టాలకి దగ్గరగానే దిగుతుంది. అందుకే ఇది నా మొదటి సిఫార్సు. వెంగర్నాల్ప్ స్టేషన్ దగ్గర ఆగి కాళ్ల సంగతి అడగండి. బాగుంటే కిందికి, లేకపోతే రైలు. మధ్యలో సన్నగా, దాదాపు చదునుగా ఉండే దారి ముక్కలు వస్తాయి. అక్కడ భయపడి ముందే వేగం చంపేసుకుంటే తర్వాత పోల్స్‌తో తోసుకుంటూ నడవాలి. ముందు ఎవరూ లేరని చూసుకుని కాస్త వేగంగానే దానిలోకి ప్రవేశించండి. స్నోబోర్డు వాళ్లకైతే ఈ చదును ముక్కలు నరకమే.

9. మొదటి రెడ్: పొద్దున, చిన్నది, తిరిగి రాగలిగేది. పొద్దున తొమ్మిదిన్నర, పదకొండున్నర మధ్య. కాళ్లలో బలం ఉంటుంది, మంచు ఇంకా నున్నగా ఉంటుంది, మధ్యాహ్నానికి అదే రన్ మీద జనం తిరిగి తిరిగి గుట్టలు గుట్టలుగా అవుతుంది. క్లైన షైడెగ్ పైన లౌబర్‌హార్న్ చైర్‌లిఫ్ట్ వైపు, మెన్‌లిషెన్ వైపు రెండు చోట్లా రెడ్లు ఉన్నాయి. ఎక్కడానికి ముందు కింద నిలబడి పది నిమిషాలు చూడండి, మీలాంటివాళ్లు ఎలా దిగుతున్నారో, గట్టి మంచు మెరుపు ఎక్కడుందో. లౌబర్‌హార్న్ వైపు వాలులు పడమటికి తిరిగి ఉంటాయి, ఎండ ఆలస్యంగా వస్తుంది కాబట్టి అక్కడ పదకొండు లోపల గట్టిగా ఉండొచ్చు. ముందు మెన్‌లిషెన్ రెడ్ చూసి తర్వాత ఇటు రావడం నయం. అన్ని చైర్‌లిఫ్టులూ మనుషుల్ని కిందికి తీసుకురావు, ఎక్కకముందే లిఫ్ట్ మనిషిని అడిగి పెట్టుకోండి.

రెడ్ మీద మొదటి పది మలుపులూ వెడల్పుగా తీసుకోండి. ఒక చివరి నుంచి ఇంకో చివరికి అడ్డంగా వెళ్లి, వేగం పూర్తిగా తగ్గాకే మళ్లీ తిరగండి. అయితే అంచుదాకా వెళ్లి తిరగలేక అక్కడ ఇరుక్కోవద్దు, ఇంకా చోటుండగానే మలుపు మొదలుపెట్టాలి. తిరిగేటప్పుడు ఒక్క క్షణం స్కీలు నేరుగా కిందికి చూస్తాయి, గుండె జారేది అప్పుడే. ఆ క్షణంలో వెనక్కి వాలకుండా ఉంటే మిగతా మలుపు దానంతటదే వస్తుంది. మరీ ఏటవాలుగా కనిపించిన ముక్క సైడ్ స్లిప్‌తో దాటేయండి.

10. చివరి దిగుడు బండిలో. దీని మీద నాతో చాలామంది వాదిస్తారు. లోయ దాకా బ్లూనే కదా, స్కీ మీదే దిగిపోదాం అంటారు. మూడున్నరకి గ్రుండ్ వైపు దిగే దారి చూస్తే తెలుస్తుంది. అన్ని వైపుల జనం ఒకే సన్నటి దారిలోకి వస్తారు, గ్రుండ్ 943 మీటర్లే కాబట్టి మంచు పగలు కరిగి నీడ పడగానే గడ్డకడుతుంది, మీ తొడలు అప్పటికే అయిపోయాయి, వెలుతురు తగ్గుతోంది. పొద్దున పైనున్న రెడ్ కంటే సాయంత్రం కిందున్న ఈ బ్లూ కష్టం. గొండోలాలోనో రైల్లోనో దిగండి. ఆ దారి చూడాలని ఉంటే మధ్యాహ్నం రెండులోపు బ్రాండెగ్ దాకా దిగి, అక్కడి రెస్టారెంట్లో ఆపిల్ ముక్కల్ని పిండిలో ముంచి వేయించి పెడతారు, అవి తిని, అక్కడే రైలెక్కేయండి. మాంసం తిననివాళ్లకి కూడా కొండ మీద నిశ్చింతగా దొరికే తిండి అది. తిన్నది అరగకముందే మళ్లీ రన్ ఎక్కకండి, వైన్ అయితే అసలే వద్దు.

పై లిఫ్టులు సాయంత్రం నాలుగు ప్రాంతంలో ఆగిపోతాయి, తారీఖుని బట్టి మారుతుంది. ప్రతి లిఫ్ట్ దగ్గరా చివరి టైమ్ రాసి ఉంటుంది, పొద్దున్నే ఫోటో తీసి పెట్టుకోండి. మీ బస వెంగెన్‌లో ఉండి మీరు గ్రిండెల్‌వాల్డ్ వైపు మిగిలిపోతే కొండ చుట్టూ తిరిగి రైళ్లు మారి రావాలి.

వాతావరణం మారితే

పైన మబ్బు కమ్మేసి అంతా తెల్లగా అయిపోతే వాలు ఎటుందో కూడా తెలియదు, నిలబడ్డారో జారుతున్నారో అర్థం కాదు. అప్పుడు చెట్లు ఉన్న చోటికి, ఆల్పిగ్లెన్, బ్రాండెగ్ వైపుకి దిగండి. చెట్ల నల్లదనం వల్ల నేల కనిపిస్తుంది. పైన ఇరుక్కుంటే రన్ పక్కన నాటిన గుంజల్ని ఒకదాని తర్వాత ఒకటి పట్టుకుని దిగండి.

ఎదురుగా ఫిర్స్ట్ అనే ఇంకో ప్రాంతం ఉంది, గ్రిండెల్‌వాల్డ్ ఊళ్లోంచి గొండోలా. 2,168 మీటర్లు, దక్షిణానికి తిరిగి ఉంటుంది. జనవరి చలిలో హాయి. మార్చిలో మధ్యాహ్నానికి మంచు నీళ్లపాలై స్కీలు ఆగిపోతుంటాయి, అప్పుడు పొద్దున మాత్రమే వెళ్లండి. లౌటర్‌బ్రునెన్ లోయకి అవతల మూరెన్, షిల్ట్‌హార్న్ ఉన్నాయి, చాలా అందమైన చోటు, కానీ ఎక్కువగా రెడ్, బ్లాక్. మొదటి సీజన్‌లో పక్కన పెట్టండి.

తాళ్లు కట్టి మూసేసిన దారిలోకి, రన్ అంచు గుంజలు దాటి అవతలికి, అక్కడ ఎన్ని స్కీ జాడలు కనిపించినా వెళ్లొద్దు. మంచు చరియలు విరిగిపడే ప్రమాదం చూసుకునేది గుంజలకి ఇవతలి వరకే.

మీవల్ల కాకపోతే, ఎవరైనా పడితే

స్కీలు విప్పేసి నడవాలనిపిస్తే రన్ అంచునే నడవండి, మధ్యలో వద్దు. స్కీ బూట్లతో గట్టి మంచు మీద నడవడం కంటే సైడ్ స్లిప్ క్షేమం అని గుర్తుంచుకోండి. ఎవరికైనా దెబ్బ తగిలితే వాళ్లకి కొంచెం పైన రెండు స్కీల్ని ఇంటూ గుర్తులా గుచ్చి పెట్టండి, పైనుంచి వచ్చేవాళ్లకి అర్థమవుతుంది. బూటు విప్పొద్దు, హెల్మెట్ తీయొద్దు. పక్కనున్న గుంజ మీద నంబరు చూసి ఫోన్ చేయండి. రన్‌ల రక్షక దళం నంబరు మ్యాప్ మీద ఉంటుంది, దాన్ని పొద్దున్నే సేవ్ చేసుకోండి. స్విట్జర్లాండ్‌లో అంబులెన్స్ 144, రేగా హెలికాప్టర్ 1414, ఏదీ గుర్తు రాకపోతే 112.

సరిగ్గా వస్తోందో లేదో ఎలా తెలుస్తుంది

నొప్పి ఎక్కడుందో చూడండి. సాయంత్రం కాలి ముందు ఎముక దగ్గర కొద్దిగా నొప్పిగా ఉంటే మీరు ముందుకి ఆనుతున్నారు, మంచిదే. తొడల పైభాగం మండిపోతుంటే రోజంతా వెనక్కి కూర్చున్నారు. పిక్కలు పట్టేస్తే బూటు లోపల వేళ్లు ముడుచుకుని భయపడుతున్నారు, లేదా బూటు వదులు. షాపుకి వెళ్లి మార్చమనండి, అద్దె బూట్లు మార్చడానికి మామూలుగా అభ్యంతరం చెప్పరు.

జాడ చూడండి. జనం తక్కువ ఉన్న చోట దిగి, పక్కకొచ్చి, వెనక్కి తిరిగి మీ మలుపుల్ని చూడండి. మంచు వెడల్పుగా గీకినట్టు ఉంటే ఇంకా బ్రేకు మీదే తిరుగుతున్నారు. మలుపు చివర్లో జాడ సన్నబడుతుంటే అంచు పడుతోంది. కుడి మలుపు జాడా ఎడమ మలుపు జాడా ఒకేలా ఉన్నాయా? ఉండవు. ఏది అధ్వాన్నంగా ఉందో మర్నాడు పొద్దున ఆ వైపుతో మొదలుపెట్టండి.

వీడియో తీయించుకుంటే ఇంకా నయం, పది సెకన్లు చాలు. తీసేవాళ్లు కింద, పక్కన నిలబడాలి. మీరు స్కీ చేస్తూ మీ సెల్ఫీ తీసుకోవడం మాత్రం మానండి.

ఒక రెడ్ బాగా దిగారు. వెంటనే ఇంకో కొత్త రెడ్ కాదు, అదే రెడ్ మర్నాడు మళ్లీ. ఈసారి మంచు వేరుగా ఉంటుంది, వెలుతురు వేరుగా ఉంటుంది, నిన్న వచ్చింది కాళ్లకి వచ్చిందో ఆ రోజు మంచు పుణ్యమో తెలిసిపోతుంది. రెండు రోజులూ దిగగలిగితే లౌబర్‌హార్న్ చైర్‌లిఫ్ట్ ఎక్కండి. పై నుంచి దిగే ముందు రేసు మొదలయ్యే చోటు కూడా చూసి రావచ్చు.